మేనల్లుడి హెల్మెట్

సుందర్ రాజ్‌కి ఒకటే జబ్బు. హెల్మెట్ పెట్టిన బుర్ర కనబడితే చాలు, దగ్గరికెళ్లి తలుపు కొట్టినట్టు టకటకా కొడతాడు. తర్వాత గడ్డం కింద పట్టీలో వేలు దూర్చి, "వదులుగుంది, బిగించు" అంటాడు. గాజువాక సిగ్నల్ దగ్గర ఓసారి ట్రాఫిక్ ఎస్సైకే బిగించాడట. చర్చిలో పెళ్లికొడుకు టై కింద కూడా వేలు దూర్చాడని సొంత చెల్లెలే చెబుతుంది.

స్టీల్‌ప్లాంట్ సేఫ్టీ విభాగంలో రిటైరయ్యాక ఆయన సబ్బవరం మట్టి ట్రాక్ మీద బైక్ పోటీలకు తనిఖీదారయ్యాడు. ఆయన సంతకం లేనిదే బండి కదలదు.

ఓ ఆదివారం తనిఖీకి ఈశ్వరి వంతు వచ్చింది. ఆటోనగర్‌లో తండ్రి గవర్రాజు షెడ్డులో బండిని నట్టు నట్టూ తనే బిగించుకుంది. కప్పు ఈసారి తనదేనని గట్టి నమ్మకం. సుందర్ రాజ్ హెల్మెట్ కొట్టాడు. ఆగాడు. మళ్లీ కొట్టాడు.

"ఎప్పుడు పడ్డావమ్మా?"

ఈశ్వరి చూపు పక్కకి తిప్పుకుంది. "పడలేదంకుల్."

"నువ్వు సెప్పకపోయినా ఇది సెప్తంది. సప్పుడు బొంగురుగా ఉంది. పక్కనెట్టు."

గవర్రాజు ఒంటికాలి మీద లేచాడు. "ఏటి బావా! మీ మేనల్లుడు హెన్రీ పోటీలో ఉన్నాడనే గదా ఈ నాటకం?"

జనం గుమిగూడారు. నిర్వాహకుడు శ్రీరామ్మూర్తి పరుగెత్తుకొచ్చాడు. "ముఖ్య అతిథి వచ్చేశారండీ! సంతకం పడేయండి, ఒక్క రౌండేగా!"

"బుర్ర పగలడానికి రౌండంతా ఎందుకండీ? ఒక్క మలుపు సాలు."

సుందర్ రాజ్ రిజిస్టర్ తెరిచి, పైకి చదువుతూ రాశాడు: "హెన్రీ నా మేనల్లుడు. కాబట్టి ఇక్కడ నా మాట చెల్లదు. రెండో తనిఖీదారు మిరియం చూసి తేల్చాలి."

మిరియం ఆ హెల్మెట్ లోపలి గుడ్డ ఊడదీసింది. కింద, దెబ్బని పీల్చుకునే థర్మాకోల్ పొర అడ్డంగా చీలి ఉంది. గవర్రాజు కూతురి వైపు తిరిగాడు.

"బుధవారం పడ్డాను నాన్నా," అంది ఈశ్వరి తలొంచుకుని. "సెప్తే పోటీ మానిపించేత్తావని..."

బండి చాటుకెళ్లి కూర్చుంది. ఏడాది కష్టమూ బురదలో కలిసినట్టే అనిపించింది. కాసేపటికి తలెత్తితే, సుందర్ రాజ్ పోటీదార్ల బుర్రలన్నీ టేపుతో కొలుస్తున్నాడు. చివరికి హెన్రీ ముందు ఆగాడు. ఆ పోటీలో ఒకరి తర్వాత ఒకరు రౌండు కొడతారు; తక్కువ సమయం తీసుకున్నవాళ్లదే కప్పు.

"నీ రౌండవగానే హెల్మెట్ ఆ పిల్లకియ్యి. అందరివీ సూసాను. నీదే సరిపోద్ది."

"మావయ్యా! తను నా మీద గెలిసేత్తే?"

"గెలవనీ. పోటీ బళ్లకిరా, బుర్రలకి కాదు."

హెన్రీ అప్పటిదాకా అందరికంటే తక్కువ సమయంలో రౌండు ముగించాడు. చెమటోడుతున్న హెల్మెట్ విప్పి, మొహం మాడ్చుకునే ఇచ్చాడు. సుందర్ రాజ్ పట్టీ మూడుసార్లు చూసి, ఈశ్వరి వెన్నుతట్టి వదిలాడు. మూడో మలుపులో వెనక చక్రం జారింది. ఈశ్వరి కాలు నేలకానించి నిలదొక్కుకుంది, మళ్లీ దూసుకుపోయింది. హెన్రీ కంటే సెకనులో పదోవంతు ముందు!

గవర్రాజు సుందర్ రాజ్ చెయ్యి పట్టుకున్నాడు. "నోరు జారాను బావా."

"పిల్లని తిట్టకు. ఇంకెప్పుడూ దాయదులే."

అంతలో హెన్రీ వచ్చి ఈశ్వరి ముందు నిలబడ్డాడు. "తల్లీ, వచ్చే పోటీకి సొంతది కొనుక్కో. లేపోతే మా మావయ్య నా బండి కూడా నీకే ఇచ్చేత్తాడు!"