తోడికోడళ్ళు చదవని వరస

విశ్వవిద్యాలయం అమ్మాయిల హాస్టల్లో గేటు అటెండరుగా నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా, జూన్ నెల మొదటి సోమవారం ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకపై చీటీలన్నీ కంప్యూటర్లో తీసిన తెల్ల కాగితాలే.

చదవడం వచ్చినవారికి ఇది చిన్న సంగతి. నాకు కాదు. చీటీ లేకుండా ఏ పిల్లా గేటు దాటరాదు, చీటీ చూసి వదలడమే నా పని. అప్పటిదాకా సాయంత్రం లోపల తిరిగివచ్చే వాళ్ళకు గులాబీ చీటీ, ఊరికి పోయేవాళ్ళకు పసుపు చీటీ, ఆసుపత్రికైతే ఆకుపచ్చది. నేను రంగు చూసేదాన్ని, మొహం చూసేదాన్ని, వదిలేదాన్ని. సంతకం గీయడం తప్ప నాకు అక్షరాలు రావు. పాత మేట్రన్‌కు అది తెలుసు, ఎన్నడూ అడగలేదు. కొత్తగా వచ్చిన శారద మేడం మొదటి వారంలోనే కనిపెట్టింది.

“చూడమ్మా యాదమ్మా, నాకు నీ మీద కోపమేం లేదు. దసరా సెలవులకి పిల్లలంతా ఒక్కరోజే వెళ్తారు. ఆ రోజుకి చీటీ చదవగలిగితే గేటు నీదే. లేకపోతే మళ్ళీ ఊడ్చే పనికి వెళ్ళాలి. సరేనా?”

సరేనన్నాను. పద్నాలుగేళ్ళు ఊడ్చి సంపాదించుకున్న కుర్చీ అది. వదులుకునే ఉద్దేశం నాకు లేదు.

నాకు అక్షరాలు నేర్పింది రెండో అంతస్తులో ఉండే స్రవంతి. జగిత్యాల పిల్ల, పీహెచ్‌డీ చేసేది. నెల రోజుల్లో గుణింతాలు వచ్చాయి. తార్నాకలోని మా గల్లీ నుంచి క్యాంపస్‌కు నడిచి వస్తూ దుకాణాల బోర్డులు, బస్సుల బోర్డులు కూడబలుక్కునేదాన్ని. మెట్టుగూడ అన్న పేరులో ఒత్తు దగ్గర ఆగేసరికి బస్సు వెళ్ళిపోయేది. కదిలే అక్షరాలు నాకు అందేవి కావు.

ఆ రోజుల్లో హాస్టల్ పిల్లలకు ఒక టీవీ పోటీ పిచ్చి పట్టింది. ఒక్కో కుటుంబం నుంచి ఇద్దరిద్దరు జట్టుగా దేశాలు తిరుగుతూ పరుగెత్తాలి. ప్రతి మజిలీలో ఒక కవరు ఇస్తారు. ఎక్కడికి పోవాలి, ఎట్లా పోవాలి, ఏం చేయాలి అన్నీ అందులోని కార్డు మీద ఉంటాయి. చివర చేరినవాళ్ళు ఇంటికి. తెలుగులో మాటలు పెట్టారు, కార్డు మీది రాతను కూడా తెరమీద తెలుగులో చూపేవారు. ఆదివారం మధ్యాహ్నం టీవీ గదిలో స్రవంతి తన లాప్‌టాప్ తగిలించి వేసేది. ఆమె ఒక షరతు పెట్టింది. కార్డు రాగానే ఆట ఆపుతుంది, నేను పైకి చదివితేనే మళ్ళీ నడుపుతుంది.

గదినిండా పిల్లలు. అందరూ నా నోటివంకే చూసేవారు.

“యాదమ్మక్కా, జర జల్దీ చదువు! వాళ్ళు విమానం ఎక్కాలె!”

“నువ్వు చదివేలోపు వాళ్ళకి మనవలు పుడతారక్కా,” అనేది ఒక గుంటూరు పిల్ల.

“పుట్టనీ. బారసాలకు నువ్వే పో,” అనేదాన్ని, వేలు గాలిలో అక్షరం వెంట నడిపిస్తూ.

నేను గెలవాలని కోరుకున్నది తోడికోడళ్ళ జట్టు. ప్రతి మజిలీలో పోట్లాడుకునేవారు, అయినా అందరికన్నా ముందుండేవారు. ఒక ఆదివారం కార్డు అందుకుని పై రెండు వరసలు చదివి, టాక్సీ ఎక్కి, అందరికన్నా ముందు గమ్యం చేరారు. అక్కడ వాళ్ళను ఆపేశారు. కార్డు కింది వరసలో ‘నడిచే వెళ్ళాలి’ అని ఉంది. శిక్షగా అరగంట ఒక పక్కన కూర్చోబెట్టారు. మిగతా జట్లన్నీ వాళ్ళ కళ్ళముందే దాటిపోయాయి. తోడికోడళ్ళు ఇంటికి పోయారు.

“మొత్తం చదవక ఉరికితిరి గదనే!” అని నేను టీవీని తిట్టాను.

స్రవంతి నవ్వింది. “నువ్వేం తక్కువనా అక్కా? ఇయ్యాల నువ్వు చదివింది గూడ పై రెండు లైన్లే. ఆ కింది లైను మేమెవ్వరం జూడలే.”

నిజమే. రంగు చూసి వదిలిన అలవాటు నాది. పై మాట తెలియగానే పని అయిపోయిందనుకునేదాన్ని. మరునాటి నుంచి గేటు దగ్గర ప్రతి చీటీ కింది వరస మీద వేలు పెట్టి, అక్కడి నుంచి పై వరసలకు చదువుకుంటూ పోవడం మొదలుపెట్టాను. ఆలస్యమయ్యేది. పిల్లలు విసుక్కునేవారు. మానలేదు.

దసరా సెలవుల రోజు వచ్చింది. గేటు బయట ఆటోలు, లోపల సంచులతో వరస. శారద మేడం నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. పదిమందిదాకా చదివి వదిలాను. అప్పుడు స్రవంతి చీటీ ఇచ్చింది. కింది వరసలో మిగతావాళ్ళకు లేని మాట ఉంది. ‘రెండో అంతస్తు గదులకు సున్నం వేయవలసి ఉన్నందున తాళంచెవి అప్పగించిన తరువాతే పంపాలి.’

“తాళంచెవి ఏది బిడ్డా?”

“ఏం తాళంచెవి? అక్కా, జగిత్యాల బస్సు పోతది! నేను గాదా, స్రవంతిని!”

వెనక పిల్లలు అరుస్తున్నారు. మేడం కూడా అన్నది, “పోనియ్యమ్మా, పీహెచ్‌డీ పిల్ల, మనకి తెలియంది కాదుగా.”

నాకు అక్షరాలు నేర్పిన పిల్లను ఆపడం తేలిక కాదు. అయినా చీటీ మేడం ముందు పెట్టి, కింది వరస మీద వేలుంచి, ఒత్తులతో సహా పైకి చదివాను. మేడం కళ్ళద్దాలు సర్దుకుని తానూ చదివింది. తాళంచెవి స్రవంతి గదిలోనే మరిచిపోయింది. పైకి పోయి తెచ్చేసరికి బస్సు వేళ దాటిపోయింది. తరువాతి బస్సు దాకా నా కుర్చీ పక్కన సంచి మీద కూర్చుంది.

“అరగంట శిక్ష ఏసినవ్ గదక్కా,” అన్నది.

“నీ చీటీ నువ్వే చదువలే. తోడికోడలివి,” అన్నాను.

సాయంత్రం మేడం గేటు రిజిస్టరులో నా పేరు ఎదుట, డ్యూటీ కొనసాగుతుందని రాసి సంతకం చేసింది. ఆ రాతను కూడా నేను కింది సంతకం నుంచే మొదలుపెట్టి చదివాను.

నాలుగేళ్ళ తరువాత రిటైర్ అయ్యాను. నా స్థానంలోకి వచ్చిన ఆమె ఇంటర్ పాసైంది. ఆమెకు నేను అప్పగించినవి రిజిస్టరు, గేటు తాళం, ఒక మాట. తెలిసిన పిల్ల వస్తే మొహం చూడకు, ముందు చీటీ కింది వరస చూడు.