కాలిక్స్త్ వాళ్ళ ఒజీత్

మా రేవులో సగం మంది ఇంటిపేరు షియాసాన్. మిగతా సగం వాళ్ళ బావమరుదులూ, తోడల్లుళ్ళూ. ‘షియాసాన్’ అని కేకేస్తే వీధి వీధంతా పలుకుతుంది. అందుకే కెనడాలో ఈ కేప్ బ్రెటన్ దీవి ఒడ్డున మేమెవరినీ ఇంటిపేరుతో పిలవం, తండ్రి పేరు తగిలించి పిలుస్తాం. ఊళ్ళో ఒజీత్‌లు నలుగురున్నారు. నేను చెప్పబోయేది కాలిక్స్త్ వాళ్ళ ఒజీత్ సంగతి. కాలిక్స్త్ పోయి చాలా ఏళ్ళయింది, ఒజీత్‌కి పెళ్ళయి అంతకన్నా ఎక్కువ ఏళ్ళయింది, అయినా ఆమె కాలిక్స్త్ వాళ్ళ ఒజీతే. బ్యాంకు కవర్ల మీద కనబడే ‘మిసెస్ షియాసాన్’ ఎవరో మాకు తెలీదు. ఆ పేరు లోకమంతటికీ తెలిస్తే తెలియనీ, ఈ పేరు మాత్రం మావాళ్ళ నోట తప్ప రాదని మా ధీమా. ఆ ధీమాయే దాని కొంప ముంచింది.

‘దాని’ అంటున్నానని తప్పు పట్టకండి. మా ఇళ్ళు ఎదురెదురు. చిన్నప్పుడు అక్కచెల్లెళ్ళలా ఒకే దుప్పట్లో పడుకున్నాం, పెద్దయ్యాక ఫ్యాక్టరీలో ఒకే బల్ల దగ్గర నిలబడి పీత కాళ్ళు విరిచాం. తర్వాత నేను స్కూలు బస్సు నడపడానికి పోయాను. అది మాత్రం వేళ్ళు కొంకర్లు పోయేదాకా అక్కడే చేసింది. దాని నోరు మంచిది కాదు. నాదీ కాదు. మేమిద్దరం కలిసి పేకాటకి కూర్చుంటే పక్కవాళ్ళు ఏదో పని గుర్తొచ్చి లేచిపోయేవాళ్ళు.

దానికి దేవుడిచ్చిన విద్య ఒకటుంది. ఈస్టర్ ముందు ఉపవాసాల నడుమ మాకు మి-కారెమ్ అని ఒక వారం వస్తుంది. జనం ముసుగులు వేసుకుని, మగవాళ్ళు గౌన్లు తొడుక్కుని, గొంతు మార్చి ఇల్లిల్లూ తిరుగుతారు. వచ్చిందెవరో కనిపెట్టడం ఇంటివాళ్ళ పని, కనిపెట్టేదాకా ముసుగు తియ్యరు. ఒజీత్ గడప తొక్కాలంటే ముసుగువాళ్ళకి దడ. నోరు విప్పితే చాలు, పేరు చెప్పేసేది. మెదే దాని వెంట పడుతున్న రోజుల్లో, నోట్లో రెండు కోటు గుండీలు పెట్టుకుని ముసలమ్మ వేషంలో వచ్చి, “కాస్త రొట్టె పెట్టు తల్లీ” అన్నాడు. “మింగి చస్తావు, ఉమ్మెయ్యి మెదే” అంది. ఆ ఎండాకాలమే వాళ్ళ పెళ్ళి జరిగింది.

ఆ మెదేకి పోయినేడు వసంతంలో పడవ మీదే పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, నోరు పడిపోయింది. ఊళ్ళో అందరినీ ఆటపట్టించి ఏడిపించిన మనిషికి ‘ఆఁ’ అనే ఒక్క మాట మిగిలింది. ఆకలేసినా ఆఁ, ఒళ్ళు మండినా ఆఁ. పిల్లాజెల్లా లేరు. మా దీవికి ఆ చివర, సిడ్నీ పట్నంలో, రోగుల్ని చూసుకునే హోమ్‌లో చేర్చారు. ప్రతి ఆదివారం నా కారులో ఇద్దరం వెళ్ళేవాళ్ళం. గది గుమ్మంలో నిలబడి అది, “ఎవరొచ్చారో చెప్పు చూద్దాం? కాలిక్స్త్ వాళ్ళ ఒజీత్ వచ్చింది!” అనేది. ఆయన కళ్ళు వెలిగేవి. “ఆఁ” అనేవాడు.

అక్కడందరిదీ ఇంగ్లీషు, మాది ఫ్రెంచి. మాటలు నేర్పే బ్రెండా అనే అమ్మాయి ఒకరోజు ఒజీత్‌ని పక్కకి పిలిచి, “ఇంటికి తీసుకెళ్ళగలిగితే మంచిదండీ. తన భాష, తనవాళ్ళ గొంతులు చెవిన పడుతుంటే మాటలు తిరిగి రావచ్చు” అంది. ఇక ఒజీత్ ఇంకో మాట వినలేదు. పడవ అమ్మేసింది. ఆ డబ్బుతో చక్రాల కుర్చీ పట్టేలా తలుపులు వెడల్పు చేయించాలి, మెట్ల బదులు వాలుగా బాట కట్టించాలి, స్నానాలగది కిందికి దింపాలి, మంచు పడేలోగా మొగుణ్ణి ఇంటికి తెచ్చుకోవాలి. వడ్రంగి దిదాస్ చెక్కలు తెచ్చి పెరట్లో పేర్చాడు. నా ఎదురుగా ఆ చెక్కల్ని చేత్తో నిమిరింది, గుర్రాన్ని నిమిరినట్టు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం అది పొయ్యి మీద కోడిమాంసం, దుంపలు వేసి ఫ్రికో ఉడికిస్తుంటే ఫోను మోగింది.

“కాలిక్స్త్ వాళ్ళ ఒజీత్ అత్తేనా?”

“నేనే. ఎవరబ్బాయివి?”

“బ్యాంకు నుంచి అత్తా. నీ ఖాతాలోంచి ఎవరో...”

“ఆగాగు, పేరు చెప్పకు. నేనే చెప్తా. కొంచెం మాట్లాడు, గొంతు విననీ.”

వాడు మాట్లాడాడు. ఫ్రెంచి మాదే, కాస్త పట్నం యాస కలిసింది. మా ఊరి నుంచి వెళ్ళి మాంక్టన్ పట్నంలో బ్యాంకు ఉద్యోగం చేసే కుర్రాడు ఒక్కడే ఉన్నాడు.

“లూబిన్ వాళ్ళ రెజాన్ కొడుకువి కదూ? జిల్‌వి!”

“అబ్బ, ఎలా కనిపెట్టావత్తా?”

ముసుగువాడికి మొహం తనే తొడిగింది. ఇప్పటికీ తల్చుకుంటే నాకు దాన్ని చితక్కొట్టాలనీ అనిపిస్తుంది, కావలించుకుని ఏడవాలనీ అనిపిస్తుంది. మురిసిపోయింది పిచ్చిది. మీ అమ్మ మోకాలు నొప్పి ఎలా ఉందిరా అని అడిగింది, ఫర్వాలేదన్నాడు. టొరాంటోలో ఎవరో దొంగ నీ ఖాతా ఊడ్చేస్తున్నాడు, ఆపాలంటే నీ చిన్న ఫోనుకి అంకెలొస్తాయి, చదివి చెప్పు అన్నాడు. కళ్ళజోడు వెతుక్కుని మరీ చదివింది. “నువ్వు వేళకి ఫోన్ చేశావు కాబట్టి సరిపోయింది నాయనా, నీ కడుపు చల్లగుండ” అని దీవించి పెట్టింది. పడవ డబ్బంతా వెళ్ళిపోయింది.

సాయంత్రం రెజాన్‌కి ఫోన్ చేసి, “బంగారంలాంటి కొడుకుని కన్నావే” అంది. రెజాన్ అయోమయంగా, “మా జిల్ నీకు ఫోన్ చెయ్యడమేంటే? వాడు పెళ్ళాంతో ఊరెళ్ళాడుగా” అంది. ఆ తర్వాత ఒజీత్ రోడ్డు దాటి మా ఇంటికొచ్చిన తీరు మర్చిపోలేను. ఒక కాలికే చెప్పుంది. చేతిలో ఫ్రికో గరిటె అలాగే ఉంది.

మా ఊరి బ్యాంకు శాఖ ఎప్పుడో మూసేశారు, ఇప్పుడక్కడ జుట్టు కత్తిరిస్తున్నారు. ఫోనే గతి. దాని వంటగది బల్ల మీద ఫోను పెట్టి, వాళ్ళు వినిపించే వాయిద్యం వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాక ఒకమ్మాయి పలికింది.

“మేడమ్, మీకొచ్చిన అంకెలు మీరే చదివి చెప్పారా?”

“చెప్పాను. డబ్బు ఆపడానికన్నాడు.”

“ఎవరికీ చెప్పకూడదని ఆ మెసేజ్‌లోనే ఉంటుంది మేడమ్.”

“ఎవరికో చెప్పలేదమ్మా, రెజాన్ కొడుక్కి చెప్పాను.”

“అంటే ఆయన మీకు తెలిసినవారా?”

ఒజీత్ నా వైపు చూసింది. తెలిసినవాడంటే, మీరూ మీరూ తేల్చుకోండంటారు. తెలియనివాడంటే, మరెందుకు చెప్పావంటారు. “తెలుసనుకున్నాను” అంది మెల్లగా.

“క్షమించండి మేడమ్. అది మీరు అనుమతించిన చెల్లింపు కిందికే వస్తుంది.”

“అనుమతా? నా మొగుడి మంచం వేసే చోటు దొంగకి రాసిస్తానా? నీకు అమ్మా నాన్నా ఉన్నారా, లేక ఆ వాయిద్యంలోంచి పుట్టావా?”

ఆ పిల్ల అదే వాక్యం మళ్ళీ చదివింది. పాపం, దానికీ ఎవరో రాసిచ్చిన మాటలే. ఆనాటి ఫిర్యాదు పైవాళ్ళకి, ఆ పైవాళ్ళకి వెళ్ళింది. చెట్లు ఆకులు రాల్చాయి, తొలిమంచు పడింది. కడకి వచ్చిన జవాబులోనూ అదే మాట, కాకపోతే ఇంకాస్త మర్యాదగా. ఆమె అనుమతితోనే జరిగింది, తిరిగి ఇవ్వలేము, విచారిస్తున్నాము. ‘ఆమె అనుమతితోనే’ అన్న ముక్క నా చేత మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. డబ్బు పోవడం కన్నా ఆ ముక్కే దాన్ని ఎక్కువ కోసింది.

పోలీసాయన వచ్చి మర్యాదగా కూర్చున్నాడు. మా లోపలి పేరు వాడికెలా తెలిసిందన్నది మా అందరి ప్రశ్న. అంటే ఊళ్ళోవాడేనా? పేకాట బల్ల దగ్గర ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోవడం మొదలైంది. ఆయన ఫోను తీసి చూపించాడు. రెండేళ్ళ క్రితం ఒజీత్ అక్క పోయినప్పటి చావు కబురు, ఇంటర్నెట్‌లో. ‘ఆమెకు ఉన్నది చెల్లెలు ఒజీత్ (కాలిక్స్త్ వాళ్ళ)’. నలుగురు ఒజీత్‌లలో ఏ ఒజీతో జనానికి తెలియాలి కదా, అలాగే వేస్తారు మాకు. మేం గుట్టు అనుకున్నది ఊరూరా గోడకి అంటించి ఉంది.

“పేరు పెట్టి పిలిచినంత మాత్రాన నమ్మకండమ్మా,” అన్నాడాయన. “వాళ్ళు మళ్ళీ చేస్తారు. అనుమానం వస్తే మాట్లాడకుండా పెట్టెయ్యండి.” ఒజీత్ తల ఊపింది. చిన్నప్పుడు చర్చిలో పాఠం అప్పజెప్పినట్టు ఆ మాట నా దగ్గర వల్లె వేసింది. ఆయన చెప్పినట్టే రెండుసార్లు చేశారు కూడా. పోయిన డబ్బు రాబట్టి పెడతామని, అదే పేరుతో, తీయగా. రెండుసార్లూ పెట్టేసింది.

నవంబరులో దిదాస్ చెక్కలు తీసుకుపోయాడు. “డబ్బు తర్వాతైనా ఇద్దువు” అని వాడు ఎంత చెప్పినా వినలేదు. చెక్కలున్నచోట గడ్డి పసుపు పచ్చగా మిగిలింది, దాని మీద మంచు కప్పింది. రెజాన్ దానితో మాట్లాడటం మానేసింది. పోలీసులు జిల్‌ని రెండు ప్రశ్నలడిగారట, కన్నతల్లికి కడుపు మండదా? ఆదివారాలు వెళ్తూనే ఉన్నాం. ఇంటికెప్పుడన్నట్టు మెదే దాని చేయి పట్టి లాగితే, “మంచు కరగనీ” అనేది. కరిగినా ఏమీ లేదని దానికి తెలుసు, నాకు తెలుసు. ఆయనకీ తెలుసనే నా అనుమానం. గుమ్మంలో నిలబడి పేరు చెప్పుకోవడం మానేసింది. “ఆ పేరు ఎవడో వాడి పారేశాడే, నాకు అసహ్యంగా ఉంది” అంది ఒకసారి కారులో. నేను రోడ్డు చూస్తూ నడిపాను.

మార్చిలో మి-కారెమ్ వచ్చింది. ముసుగులవాళ్ళు దాని తలుపు తట్టారు. అది దీపం ఆర్పేసి లోపల కూర్చుంది. నా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. గుంపులో మగవాళ్ళ రెయిన్ కోటు వేసుకున్న ఆ పొట్టి మనిషి రెజానే, ఎవరూ చెప్పక్కర్లేదు. రాజీకి వచ్చింది. మంచులో చాలాసేపు నిలబడి, ముసుగు తియ్యకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం దాని వంటగదిలో టీ తాగుతున్నాను. ఫోను మోగింది, ఎత్తింది. అవతల ఊపిరి, బల్ల ఇవతల కూర్చున్న నాకూ వినబడేంత బరువుగా ఉంది. తర్వాత ఒక గొంతు, మొరటుగా, ఒక్కో ముక్కా ఈడ్చుకుంటూ.

“కా... లిక్స్... వా... ళ్ళ... ఒజీ...”

దాని మొహం నల్లబడింది.

“మళ్ళీ నువ్వేనా? ఈసారి గొంతు మార్చొచ్చావా? నా మొగుణ్ణి గడప తొక్కనివ్వకుండా చేశావు, ఇంకేం మిగిలిందిరా నా దగ్గర? నీ నోరు పడిపోను!”

ఫోను పెట్టేసింది. మొహంలో ఎన్నో నెలల తర్వాత కాస్త కళ వచ్చింది. “చూశావా,” అంది. “ఒక్క ముక్కకే కనిపెట్టేశాను.”

నాకూ సంతోషమే వేసింది, ఏం దాచను. ఇంకో కప్పు పోసింది. ఫోను మళ్ళీ మోగింది. వాడైతే నాలుగు కడిగేద్దామని ఈసారి నేనే ఎత్తాను. హోమ్‌లో మాటలు నేర్పే బ్రెండా.

“లైను తెగిపోయిందాండీ? ఆయన నెల నుంచీ ఆ ఒక్క మాటే నేర్చుకుంటున్నారు. నేను నీళ్ళు, రొట్టె అని నేర్పబోతే చెయ్యి ఊపేసి, గుమ్మం వైపు చూపించి, ఆవిడ ఇదివరకు ఆదివారాలు చెప్పేదే కావాలన్నారు. నాకు సరిగ్గా పలకడం రాదు, ఆయనే నన్ను దిద్దారు. ముందే చెప్పొద్దని సైగ చేశారు. ఆవిడే కనిపెట్టాలట. ఆవిడ ఏమన్నారో నాకు అర్థం కాలేదు, ఫ్రెంచి కదా. ఆయన మాత్రం విన్నారు.”

నేను చెప్పక్కర్లేకపోయింది. నా మొహం చూసింది, అంతే. గొంతే కాదు, మొహాలూ దానికి తెలుసు.

అప్పుడే బయల్దేరాం. కొండల మీంచి కొట్టే గాలికి కారు ఊగిపోతోంది. హోమ్‌లో ఆయన కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. అది గుమ్మంలో ఆగలేదు, వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూలబడింది.

“మెదే, నేనే. కాలిక్స్త్ వాళ్ళ ఒజీత్‌ని. దొంగ అనుకున్నాను మెదే. పిలువు, ఇంకొక్కసారి పిలువు, ఈసారి కనిపెడతాను.”

ఆయన దాని వంక చాలాసేపు చూశాడు. ఎడం చేత్తో దాని చెంప తుడిచాడు. నోరు మెదపలేదు. ‘ఆఁ’ అని కూడా అనలేదు.