పెద్ద తెరల కోసం చేసిన వెర్షన్

మా బాపట్ల చర్చిలో క్వయర్ ముందువరస, ఎడమ చివర నా చోటు. ముప్పై ఏళ్ళుగా అక్కడే నిలబడి పాడుతున్నాను. ఎవరైనా పొరపాటున అక్కడికొస్తే గొంతు సవరించుకుంటాను, వాళ్ళే పక్కకు జరుగుతారు. ఆ చోటంటే నాకు అంత పొగరు.

రెండేళ్ళ క్రితం తెనాలిలో కంటి డాక్టరు నా చూపు నడిమధ్య నుంచి పోతోందని చెప్పాడు. అంచులు కనిపిస్తాయి, సూటిగా చూసేదే కనిపించదు. అద్దాలు మార్చినా లాభం లేదన్నాడు. రేపల్లెలో ఉద్యోగం చేసే మా అమ్మాయికి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే ‘పాపం, మీరు కూర్చోండి టీచరుగారూ’ అంటారు. పాపం అనిపించుకోవడం నాకు చచ్చినా పడదు. పైగా ఒకసారి కూర్చున్నాక మళ్ళీ ఎవరు లేవనిస్తారు?

పాత కీర్తనలు నోటికి వచ్చు. కొత్త పాటలతోనే చిక్కు. మా అమ్మాయి ఒక ట్యాబ్ కొనిచ్చి, పాటలన్నీ అందులో ఎక్కించి, ఒక్కో అక్షరం బొటనవేలంత కనిపించేలా అమర్చింది. దాన్ని స్టాండు మీద పెట్టుకుని పాడుతుంటే, “టీచరుగారు మోడరన్ అయిపోయారండీ” అని క్వయర్‌లో పిల్లలు ఆటపట్టించేవారు. నవ్వి ఊరుకునేదాన్ని. నేనేమీ అబద్ధం చెప్పలేదు కదా అని సర్దిచెప్పుకునేదాన్ని.

మట్టల ఆదివారానికి ఒక కొత్త పాట నన్ను ఒక్కదాన్నే పాడమన్నారు. శనివారం ప్రాక్టీసు బాగానే సాగింది. ఇంటికొచ్చి ఛార్జింగు పెడుతుంటే ట్యాబ్ ఏదో అడిగింది. వారం రోజులుగా అడుగుతూనే ఉంది. ఆ సన్నటి అక్షరాలు నాకు కనిపించి చావవు. విసుగెత్తి, ‘సరే, ఏదో ఒకటి ఏడువు’ అని నీలంగా ఉన్నచోట నొక్కేశాను.

మర్నాడు పాటకు లేచి నిలబడ్డాకే తెరిచాను. తెర రెండు ముక్కలై ఉంది. ఎడమవైపు పాటల జాబితా, కుడివైపు ఇరుకులో నా పాట, చీమల్లాంటి అక్షరాల్లో. ట్యాబ్‌ల కోసమే ప్రత్యేకంగా తయారుచేసిన పాటల యాప్ కొత్త వెర్షనట, ముందురోజు నేను నొక్కింది దానికేనట, పెద్ద తెరలో ఒకేసారి రెండు చూసుకోవచ్చట. ఇదంతా మా అమ్మాయి తర్వాత చెప్పింది. ఒకటే కనిపించనిదానికి రెండెందుకు? చేసినవాళ్ళు తెలివైనవాళ్ళే, కాదనను. పెద్ద తెర కొన్నవాళ్ళందరికీ ఎక్కువ చూడాలని ఉంటుందనుకున్నారు. కొంచెం కనిపిస్తే చాలనుకునేవాళ్ళు వాళ్ళ తలపుకే రాలేదు. అయినా ఎలా వస్తాం? మేము బయటికి చెప్పుకుంటే కదా.

పల్లవి, మొదటి చరణం ప్రాక్టీసు జ్ఞాపకంతో లాగించాను. రెండో చరణం రాలేదు. కీబోర్డు వాయించేవాడు అదే ముక్క మళ్ళీ వాయించాడు, మూడోసారీ వాయించాడు. తెరను వేళ్ళతో సాగదీస్తే సగం మాటలు అంచు దాటిపోయాయి.

అప్పుడు ఆడవాళ్ళ వైపు చాప మీదనుంచి ఒక గొంతు రెండో చరణం మొదటి వరస గట్టిగా చెప్పింది. కాకుమాను నుంచి వచ్చి మా పేటలో ఉంటున్న పెద్దావిడ, పొలం పనులకు వెళ్తుంది. అక్షరం ముక్క రాదు. ప్రాక్టీసు రోజున గుమ్మం దగ్గర కూర్చుని వింటూ ఉంటుంది. చదువురానివాళ్ళకు ఒక్కో వరస ముందు చెప్పి పాడించడం మా చర్చిలో అలవాటు. అలా చెప్పేది ఎప్పుడూ నేనే. ఆ రోజు ఆవిడ చెప్పింది, నేను పాడాను.

ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు దగ్గరికొచ్చి, “ఏంటి టీచరుగారూ, ట్యాబ్ మొరాయించిందా?” అన్నారు. అవునండి అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

“లేదండి, అది బాగానే ఉంది. నాకే కళ్ళు కనపడట్లేదు” అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని పాపం అననే అన్నారు. ఒళ్ళు మండింది. బయట చెప్పులు వేసుకుంటున్న పెద్దావిడ దగ్గరికి వెళ్ళి, “నాకు కనపడలేదని ఇవాళ నీకెలా తెలిసింది అక్కా?” అని అడిగాను.

“ఇవాళేంటమ్మా, తెలిసి ఏడాదైంది. నాతో మాట్టాడేటప్పుడు మీరు నా మొహంకేసి చూడరు, చెవికేసి చూస్తారు. మీరు చెప్పుకోలేదు కదాని నేనూ ఎవరితో అన్లేదు. ఎప్పుడోకప్పుడు అవసరపడతాయని మీ పాటలన్నీ పట్టుకుంటన్నా.”

అందరూ చూస్తుండగానే నేను ఏడ్చేశాను.