రాకా, పోకా?

మామయ్యను బస్సు ఎప్పుడని అడిగి సూటిగా జవాబు రాబట్టుకున్న మనిషి ఇంకా పుట్టలేదు. బస్టాండు విచారణ కిటికీ వెనక కూర్చుని, షెడ్యూళ్ళు రాసేదీ ఆయనే, అడిగినవాళ్ళను అయోమయంలో పడేసేదీ ఆయనే.

"ఆస్పత్రి బస్సు ఎప్పుడండీ?"

"రూటు సంగతా, ట్రిప్పు సంగతా?"

"బస్సండీ!"

"రూటంటే దారి. ట్రిప్పంటే ఆ దారిలో ఒక బస్సు ఒకసారి వెళ్ళడం. సరే, ట్రిప్పే అనుకుందాం. రాకా, పోకా? స్టాపుకొచ్చే టైము వేరు, కదిలే టైము వేరు. రెంటినీ కలిపేశామా, కొంపలంటుకుంటాయి."

ఈలోగా అడిగిన పెద్దమనిషి వెనక నుంచే బస్సు వెళ్ళిపోయింది.

"అదుగో, మీ ట్రిప్పు వెళ్ళిపోయింది," అన్నాడు మామయ్య ఓదార్పుగా. "కంగారుపడకండి, రూటు ఎక్కడికీ పోదు."

ఇంట్లోనూ ఇదే వరస. భోజనానికి ఎప్పుడొస్తారని అత్తయ్య ఫోన్ చేస్తే, "పనిరోజు షెడ్యూలా, సెలవురోజు షెడ్యూలా?" అంటాడు. "ఆకలిరోజు షెడ్యూలు," అని ఆవిడ ఫోన్ పెట్టేస్తుంది.

అలాంటి మామయ్య ఆఫీసులోనే మేనకోడలికి కొత్త ఉద్యోగం దొరికింది. బస్సుల టైములన్నీ ఫోన్ యాప్‌లోకి ఎక్కించడం ఆమె పని. వారం తిరక్కుండానే పాపం, వీధి గుమ్మంలో నిలబడి తను చేస్తున్నది రాకా పోకా అని ఆలోచించే స్థితికి వచ్చింది. మర్నాటికల్లా తప్పుల్లేకుండా పని అప్పగించకపోతే ఉద్యోగం ఖాయం కాదని మేనేజరు చెప్పేశాడు.

ఒక్క తప్పు మాత్రం జిడ్డులా పట్టుకుంది. గోడ స్టాపని ఒకటుంది, అక్కడ అన్ని ట్రిప్పులూ ఇలా ఆగి అలా కదిలేవే. సాయంత్రం ట్రిప్పుకు మాత్రం రాకకూ పోకకూ మధ్య బోలెడంత ఎడం. కంప్యూటరు దాని పక్కన ఎర్రచుక్క పెట్టి కూర్చుంది.

"మామయ్యా, అక్కడ గోడ తప్ప ఏముంది? బస్సెందుకు నిలబడాలి?"

"అది టైమింగ్ పాయింటమ్మా."

"అంటే?"

"ముందొచ్చిన బస్సు టైమయ్యేదాకా ఆగే చోటు."

"అదే, ఎందుకాగాలి?"

"టైమింగ్ పాయింటు కాబట్టి."

ఆమెకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ముందు ఆ గోడేదో చూద్దామని సాయంత్రం ట్రిప్పే ఎక్కింది.

బస్సు గోడ దగ్గర ఆగింది. ఎక్కేవాళ్ళు లేరు, దిగేవాళ్ళు లేరు. డ్రైవరు ఇంజను ఆపి, శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్ళీ తుడవసాగాడు. చాలాసేపటికి గోడ చివరనున్న లాండ్రీ గేటు నుంచి ఒకావిడ చంకకర్రల మీద మెల్లగా నడిచి వచ్చింది. ఎక్కి, మేనకోడలి పక్కన కూర్చుని ఊపిరి తీసుకుంది.

"ఇదివరకు రోజూ కళ్ళముందే వెళ్ళిపోయేదమ్మా ఈ బస్సు," అంది గర్వంగా. "ఇప్పుడు ఒక్కరోజూ తప్పిపోదు. నా నడక అంత జోరందుకుంది!"

మర్నాడు పొద్దున్నే మేనకోడలు కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"ఆవిడ కోసమేనా మామయ్యా?"

మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. "దయ అని రాస్తే పై ఆఫీసు కొట్టేస్తుంది. టైమింగ్ పాయింటని రాస్తే సంతకం పెడుతుంది. రాకకూ పోకకూ మధ్య ఒక మనిషి పట్టాలి కదే! ఆవిడతో మాత్రం అనకు. నడక జోరు తగ్గిపోతుంది."

మేనకోడలికి ఆయన్ని చూస్తే ముద్దొచ్చింది. అంతలో మేనేజరు కేకేశాడు.

"ఏమ్మా, ఈ ఎర్రచుక్క ఇంకా ఉందేమిటి? బస్సు ఊరికే నిలబడటమేమిటి? తీసెయ్!"

ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. అయినా ఆమె గొంతు సవరించుకుంది.

"సార్, మీరడిగేది రూటు సంగతా, ట్రిప్పు సంగతా?"

"బస్సమ్మా, బస్సు!"

"సరే, ట్రిప్పే అనుకుందాం. రాకా, పోకా?"

మేనేజరు ఆమెను చూశాడు, కిటికీ దగ్గరున్న మామయ్యను చూశాడు. ఒక్కరితోనే వేగలేక చస్తున్న మనిషి, ఎర్రచుక్కను అలాగే వదిలేసి, కలం తీసి ఆమె ఉద్యోగం కాగితాల మీద సంతకం పెట్టేశాడు.