మాస్కు లేని రోజు బెల్లం

ఎవరో నాయకుడు బెదిరించాడనీ, ఆ భయంతోనే నా పాడ్‌కాస్ట్‌లోంచి గడ్డపోతారం ఎపిసోడ్ తీసేశాననీ ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. అభిమానులు చెప్తే నేను అణచివేతకు గురైన వీరనారిని, తిట్టేవాళ్లు చెప్తే పిరికిదాన్ని. రెండూ అబద్ధాలే. నాయకులు నన్ను తిట్టించారు, బుక్ చేసుకున్న హాళ్ల చేత నా షోలు రద్దు చేయించారు. వాళ్ల కోసం నేను ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోలేదు. జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పేటప్పుడు, పిల్లలు నవ్వేది మధ్యమధ్యలో మంత్రుల మీద నేను వేసే విసుర్లకని తెలిశాక మైకు పట్టుకున్నదాన్ని. ఫోన్లో ఎవరైనా బూతులు తిడితే నాకు కొత్త షోకి సరుకు దొరికినట్టే.

ఆ ఎపిసోడ్ తీయించింది మా కింది అంతస్తులో ఉండే ఆమె.

కొల్లూరు కాలనీలో మా ఇరుగుపొరుగు. ఆమె భర్త గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికుడు, పొడి ఆరబెట్టే గదిలో పని. షిఫ్టు దిగగానే గొంతులో దుమ్ము పోవాలని ఒక బెల్లం ముక్క చేతిలో పెడతారు. అది చాలాచోట్ల ఉన్నదే. వాళ్ల సూపర్‌వైజరు మాత్రం మాస్కులు ఇవ్వని రోజున రెండు ముక్కలు ఇచ్చేవాడు. మా పడగ్గదిలో కిటికీకి బొంత కట్టి రికార్డు చేస్తుంటే అతనీ మాట చెప్పాడు. నేను పగలబడి నవ్వాను.

"తనిఖీకి వచ్చే సార్లకు ఎన్ని ముక్కలిస్తరు తమ్మీ?"

అతనూ నవ్వాడు. వెళ్లేటప్పుడు చెప్పులేసుకుంటూ ఆగాడు.

"అక్కా, గా బెల్లం ముచ్చట తీసెయ్. రెండు ముక్కలిచ్చుడు మా ఆరబెట్టే రూంల తప్ప యాడ లేదు."

"తీసేస్తలే. గొంతు గూడ మారుస్త. నీ పెండ్లామే గుర్తువట్టది, పో."

గొంతు మార్చాను. బెల్లం తీయలేదు. మరచిపోయి కాదు. మిగతా ఎపిసోడంతా నేను అరిచిన రాజకీయం. ఆ ఒక్క ముక్కే ఎవరికైనా చటుక్కున తగిలేది. ఈ సంగతి నేను ఏ ఇంటర్వ్యూలోనూ చెప్పలేదు.

మూడో రోజు పొద్దున ఆమె మా తలుపు కొట్టింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"వాళ్ల రూమోళ్లను ఆరుగుర్ని ఆఫీసుకు పిలిచిన్రట. ఒక్కొక్కల్నే అడుగుతరట. జల్దీ తీసెయ్ అక్కా."

"ఇప్పుడు తీస్తే తప్పు ఒప్పుకున్నట్టు గాదా? నిజమే గద చెప్పిండు!"

"నిజం నీ నోటితోని నువ్వే చెప్పుకోరాదు? మా ఆయన నోరు కిరాయికి తీసుకున్నవా? తీసెయ్యమంటే తీసేస్తనన్నవట. నవ్వొచ్చిందని ఉంచుకున్నవ్. అంతే గద?"

ఆమె చూస్తుండగానే ఎపిసోడ్ తీసేశాను. అప్పటికే ఆ బెల్లం ముక్క వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది.

ఆమె మా మెట్ల మీదే కూర్చుండిపోయింది. టీ ఇస్తే ముట్టలేదు. భర్తకు ఫోన్ చేసినప్పుడల్లా స్విచాఫ్. ఫ్యాక్టరీ బస్సు వచ్చే వేళ దాటింది. ఆమె ఏడిస్తే బాగుండు అనుకున్నాను. ఏడవలేదు, గేటు వైపే చూస్తూ కూర్చుంది. చివరికి అతను మెట్లెక్కి వచ్చాడు. తన నౌకరీ పోలేదన్నాడు.

"మరి ఎవర్ని తీసిన్రు?" అన్నాను.

"ఒడిశాయన్ని."

ఎపిసోడ్ మొత్తం తెలుగు. అందులో మాట్లాడిన మనిషి తెలుగు గడగడా మాట్లాడాడు. అదే రూంలో పనిచేసే ఆ ఒడిశా మనిషికి తెలుగులో టీ అడగడం కూడా రాదని నాకు చెప్పి నవ్వించింది ఇతనే.

"ఆయనకు తెలుగే రాదంటివి గదా?"

"ఇగ వదిలెయ్ అక్కా," అన్నాడు, నా వైపు చూడకుండా.

మర్నాడు కర్దనూర్‌లో ఆ మనిషి కిరాయికుండే గదికి వెళ్లాను. తాళం వేసి ఉంది. "రాత్రే పోయిండమ్మా, చాప గూడ తీస్కపోలే," అన్నాడు ఇంటి ఓనరు.

నేను భయపడ్డానా, లేదా అని జనం వాదించుకుంటూనే ఉన్నారు, వాదించుకోనివ్వండి. నా తప్పు నేను రాసేశాను. కింది అంతస్తు అతను ఇప్పుడు లిఫ్టులో ఎదురైతే ఫోన్లో తల దూరుస్తాడు. అడిగే హక్కు నాకు లేదని తెలుసు, అయినా అడుగుతాను: ఆ ఆఫీసు గదిలో నీ వంతు వచ్చినప్పుడు నువ్వేం చెప్పినవ్ తమ్మీ?