అత్తమ్మ గొట్టాల బువ్వ

పోయిన నెల ఒక గురువారం పొద్దున మా అత్తమ్మ పోయింది. అప్పుడు నేను హనుమకొండలో, నేను పనిచేసే కాలేజీ ఆఫీసులో ఉన్నాను. మా తోడికోడలు ఫోన్ చేసింది.

"అత్తమ్మ పలుకుతలేదే. కొత్తిమీర తెంపుకుంట కూసున్నది కూసున్నట్టే ఉన్నది. జల్ది రా."

ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. నాలుగు రోజుల కిందట, ఆదివారం నాడు, ఆమె అన్న మాట ఒకటి చెవుల్లో తిరుగుతూనే ఉంది. అది మామూలుగా అన్న మాట కాదని అప్పుడు తెలిసింది. ఆ మాట మీకు అర్థం కావాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది వరంగల్‌లో బట్టల దుకాణం కుటుంబం. మామయ్య పోయాక దుకాణం విషయంలో అన్నదమ్ములకు మాటా మాటా పెరిగి, పైఅంతస్తులో బావగారి వంట, కింద మా వంట అయింది. మెట్ల మీద ఎదురుపడినా ఇద్దరూ చెరో గోడ చూసుకుంటూ పోయేవారు. అత్తమ్మ మా దగ్గరే ఉండేది. పండుగ నాడు కూడా కొడుకులిద్దరినీ ఒక్కచోట కూర్చోబెట్టలేకపోయింది. "నేను కన్నోళ్లే ఒకలకొకలు పరాయోళ్లయిన్రు" అని ఒక్కసారే అంది. ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు.

ఆ రోజుల్లోనే మా పాపకు టైఫాయిడ్ వచ్చింది. దవాఖానలో వారం ఉండి ఇంటికి వచ్చినా పిల్ల ముద్ద ముట్టలేదు. ఏం తింటావని నాయనమ్మ అడిగితే, స్నేహితురాలి ఇంట్లో తిన్న చీజ్ పాస్తా కావాలంది. ఆ పేరే ఎన్నడూ వినని మనిషి ఫోన్ తీసుకుని, హిందీ వీడియో ఒకటి పెట్టుకుని, నోట్లో గొణుక్కుంటూ మూడు సార్లు చూసింది. "గిది ఏం పెద్ద కష్టం కాదు. గొట్టాల బువ్వ. పాలు, మైదపిండి, వెన్న. మీదికెల్లి జున్నుసొంటిది" అని తేల్చేసింది. మా ఇంట్లో దానికి ఆ పేరే ఖాయమైంది.

ఇక ప్రతి ఆదివారం చేయడం మొదలుపెట్టింది. మొదటిసారి అడుగంటింది. రెండోసారి పాలు పోసేటప్పుడు పిండి ఉండలు కట్టి, సాస్ గోడలకు పోస్టర్లు అంటించే జిగురులా అయింది. మూడో ఆదివారం కుదిరింది. ఆమె చేసిన తీరు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. వెన్నలో మైదాను పచ్చివాసన పోయేదాకా వేయించి, పాలు కొంచెం కొంచెంగా పోస్తూ గరిటె ఆపకుండా తిప్పేది. టమాటా, వెల్లుల్లి, క్యాప్సికం వేరుగా మగ్గించేది. అందులో పచ్చిమిరపకాయ తప్పనిసరి. గొట్టాలను పూర్తిగా ఉడకనిచ్చేది కాదు.

"పలుకు ఉండంగనే దించాలె బిడ్డా. తక్కింది పొయ్యిల ఉడుకుతది. మనుషులు గూడ గంతే. మొత్తం నువ్వే ఉడకబెడితె ముద్దయిపోతరు."

అన్నీ కలిపి, పైన చీజ్ వేసి ఓవెన్‌లో పెట్టేది. ఆమెకు అది కూడా పొయ్యే. బయటికి తీశాక పది నిమిషాలు ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. "జర ఊపిరి తీసుకోనియ్యిన్రి దాన్ని" అనేది. తను మాత్రం ఒక్కనాడూ తినలేదు. ఆ వాసన తనకు పడదనేది. అయినా తన వంతు ముక్క కోసి పళ్లెంలో పెట్టుకుని, అందరూ తిన్నాక పిల్లలకు పంచేది.

మూడో ఆదివారం ఆ చీజ్ వాసన మెట్లెక్కి పైకి పోయింది. బావగారి పిల్లలిద్దరూ చేతుల్లో పళ్లేలు పట్టుకుని దిగివచ్చారు. తర్వాతి వారం, పిల్లల్ని పిలుచుకుపోవడానికన్నట్టు తోడికోడలక్క వచ్చి, తనూ కూర్చుంది. బావగారు మాత్రం రాలేదు. అలా ఏడాది గడిచింది.

ఇక ఓవెన్ అద్దం సంగతి. మా ఓవెన్ వంటగది గట్టు మీద ఉంటుంది. దాని ముందు అత్తమ్మ చిన్న స్టూలు వేసుకుని కూర్చునేది. వెనక హాలులో మేం కూర్చుంటే, ఓవెన్ తలుపు అద్దంలో మా నీడలు మసకగా కనిపించేవి. ముక్కలు ఎన్ని కోయాలో చెప్పడానికి ఆమె వెనక్కి తిరిగేది కాదు. ఆ అద్దంలోనే చూసి, తనతో సహా లెక్కపెట్టేది.

ఒక ఆదివారం "ఎనమండుగురం ఉన్నం" అంది. ఆమెను కలిపినా మేం ఏడుగురమే.

"ఎనిమిదో మనిషి ఎవరత్తమ్మా?"

"పెద్దోడు. తలుపు కాడ నిలవడ్డడు గద. లోపలికి రమ్మను."

హాలు తలుపు వేసి ఉంది. వెళ్లి తలుపు తీశాను. బావగారు సగం మెట్ల మీద, కటకటాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. నన్ను చూసి ఇబ్బందిపడి, "అమ్మ పిలిచింది గదమ్మా, కిందికి రారా అని. ఇనవడ్డది" అన్నారు.

అత్తమ్మ పిలవలేదు. వంటగదిలో ఆమె పక్కనే నేనున్నాను. నాతో మెల్లగా అన్న మాటే తప్ప ఆమె ఎవరినీ కేక వేయలేదు.

ఆయన అడుగుల చప్పుడు అత్తమ్మ విని ఉంటుందని తర్వాత నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మరి ఆయనకు వినిపించిందేమిటి? మా ఆయన కుర్చీ జరిపి, "కూసో అన్నా" అన్నాడు. ఆ రోజు అందరం ఒక్క గిన్నెలోది తిన్నాం. మా ఇంట్లో వంటలు మళ్లీ ఒకటి కాలేదు గానీ, ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఒకటే ఇల్లుగా ఉండేవాళ్లం.

చివరి ఆదివారం అందరం హాలులోనే ఉన్నాం. ఆమె అద్దంలో చూసి "ఏడుగురే" అంది.

"అందరం ఉన్నమత్తమ్మా, ఎనిమిది."

ఆమె కొంగుతో అద్దం తుడిచింది. ముఖం దగ్గరగా పెట్టి మళ్లీ చూసింది. అంత దగ్గరగా చూస్తే ముందు తన ముఖమే కనిపించాలి కదా.

"లేదు బిడ్డా. అందరు కనవడుతున్రు. నేనే లేను." ఆ గొంతులో భయం లేదు, ఏదో వస్తువు కనిపించకపోతే అన్నట్టు అంది. కత్తి నా చేతికిచ్చి, "మంచిది. ఏడు ముక్కలే కోయి" అంది.

చూపు తగ్గిందనుకుని, కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోతానన్నాను. "ఫికర్ జెయ్యకు" అని నవ్వింది. గురువారం పోయింది.

మూడో రోజు పిట్టకు పెట్టడానికి ఊరి బయట శ్మశానం పక్కనున్న ఖాళీ జాగకు వెళ్లాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెడితే, పక్షి వచ్చి ముట్టాలి. అప్పుడే వాళ్ల మనసు తృప్తిపడ్డట్టు. సర్వపిండి, గారెలు, చింతచిగురు పప్పు, పచ్చిపులుసు అన్నీ పెట్టాం. తుమ్మచెట్టు నిండా కాకులే. ఒక్కటీ దిగలేదు. అరవలేదు కూడా. అన్ని కాకులు అంత నిశ్శబ్దంగా కూర్చుని మనుషుల్ని చూడటం నేనెప్పుడూ చూడలేదు.

గంట గడిచింది. ఎండ ముదిరింది. అత్తమ్మ తమ్ముడు, మా ఆయనకు మేనమామ, "అక్కకు ఏదో కోరిక మిగిలింది" అన్నాడు.

అంతే, అన్నదమ్ములకు పాత రోగం తిరగబెట్టింది.

"నీ చేతితోని పెట్టినవు, గందుకే ముడతలేవు" అన్నారు బావగారు.

"మూడేండ్లు అమ్మ మొకం సూడనోనివి, నువ్వు చెప్పుతానవా?" అన్నాడు మా ఆయన.

మేనమామ ఇద్దరినీ చెరో పక్కకు లాగాడు. ఆమె లేకపోతే ఈ ఇల్లు ఏమవుతుందో ఆ ఒక్క నిమిషంలో నాకు కనిపించింది. అప్పుడు మా పాప నా చెయ్యి గుంజింది.

"అమ్మా, గొట్టాల బువ్వ పెట్టలే."

"నాయనమ్మ అది తినదు గదనే."

"తినదు. కానీ అదే చేస్తది గద."

బావగారే కారు తాళం తీసి, "నడువున్రి" అన్నారు. నన్నూ అక్కనూ ఇంటికి తీసుకుపోయారు.

ఆ వంటగదిలో నేనూ అక్కా కలిసి వండటం అదే మొదటిసారి. తను పాలు పోసింది, నేను గరిటె తిప్పాను. ఒక్క ఉండ కట్టలేదు. గిన్నె ఓవెన్‌లో పెట్టాక నేను అద్దం వైపు చూడలేదు, కావాలనే. అక్క చూసింది. చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏం కనిపించిందని ఇప్పటికీ అడగలేదు. తనూ చెప్పలేదు. ఆ స్టూలును మాత్రం మెల్లగా, ఎవరినో కదిలించకుండా జరిపినట్టు, పక్కకు జరిపింది.

మేం తిరిగి శ్మశానం దగ్గరికి వచ్చాక మాతో వచ్చిన బావగారూ, అక్కడే ఉండిపోయిన మా ఆయనా ఒకరినొకరు చూసుకున్నారు. గిన్నె వేడిగా ఉంది. దాన్ని చెరో వైపు పట్టుకుని ఇద్దరూ విస్తరి దగ్గరికి మోశారు. బావగారు ముక్క తీశారు. మా ఆయన దాన్ని విస్తరిలో పెట్టాడు. "ఆదివారం ఎప్పటిలెక్కనే ఉంటదమ్మా" అన్నారు బావగారు. తమ్ముడు అన్న భుజం మీద చెయ్యేశాడు.

ఆ చెయ్యి ఇప్పటికీ అక్కడే ఉన్నట్టే. అప్పటినుంచి మూడు ఆదివారాలు గడిచాయి. మేం ఎనిమిదో కుర్చీని తీయలేదు. నాకు వంట నేర్పింది, ఇంటిని ఎలా నిలపాలో చూపింది ఆమె. ఆ రుణం ఇలా రాస్తే తీరదని తెలుసు.

ఆ రోజు మేం నాలుగడుగులు వెనక్కి జరిగామో లేదో ఒక్క కాకి దిగింది. విస్తరి చుట్టూ తిరిగి, వేడి ముక్కను ముక్కుతో పట్టి లేచింది. కరిగిన చీజ్ సాగింది. సన్నటి తీగలాగా విస్తరి నుంచి గాలిలోకి, మా తలల మీదుగా, ఎండలో బంగారంలా మెరుస్తూ సాగుతూనే ఉంది. అది తెగడం మాలో ఎవరం చూడలేదు.