ముహూర్తం దాటేదాకా

మా షావుకారుది షేర్ల వ్యాపారం. నాది శేర్ల వ్యవహారం. నెలకిన్ని శేర్ల బియ్యం ఇంటికి చేరితే చాలనుకునే బాపతు. మద్రాసు సౌకార్‌పేటలో ఆయన ఇంటి ముందుగదిలో కూర్చుని, కంపెనీల నివేదికలు చదివి తెలుగులో చెప్పడం, ఆయన తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో టైపు కొట్టడం నా ఉద్యోగం. అందరూ ఆయన్ను దానకర్ణుడు అనేవారు. అందులో కర్ణం వరకు నా వాటా అని నేను చెప్పుకునేవాణ్ణి, చెవి ఒగ్గి వినడమే నా పని గనక.

ఆయన తండ్రి ధాన్యం అమ్మాడు. ఈయన ధాన్యం ముట్టలేదు, కాగితాలు కొన్నాడు. ఏ కంపెనీ నిలుస్తుందో, ఏది మునుగుతుందో ఇట్టే పసిగట్టేవాడు. అంత తెలివిగల మనిషి పొద్దున ఇల్లు కదలాలంటే మాత్రం ముందు ఒకరిని పంపి వీధి చూపించుకునేవాడు. అయినా విధవ ఎదురైతే వెనక్కి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరేవాడు. ఆ రోజు కొత్త షేరు కొనేవాడు కాదు.

ఆయన భార్య, మా అమ్మగారు, వేరే రకం. పిల్లలు లేరు. ఎవరింట్లో ఎవరికి జబ్బో గుర్తుపెట్టుకుని, పేరు పెట్టి అడిగేవారు. భర్త పోయిన ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పే బడి పెడదామని ఏళ్ళ తరబడి ఆయన్ను బతిమాలారు. భార్య చెబితే విననిది జోస్యుడు చెప్పగానే విన్నాడు. శని బాగాలేదు, దిక్కులేని ఆడవాళ్ళకు ఏమైనా చెయ్యండి అన్నాడట. అలా పురసవాక్కంలో ఒక పాత బంగళా కొని, పన్నెండు కుట్టుమిషన్లు దించారు. ప్రారంభోత్సవంలో అందరికీ కృతజ్ఞతలు చెప్పారు గానీ శనికి చెప్పలేదు. ఉపన్యాసం రాసింది నేనే, కాబట్టి ఆ తప్పు నాది.

మా చెల్లెలికి అప్పటికి ఇరవై మూడేళ్ళు. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోయి మా ఇంటికి వచ్చింది. నా భార్య ఏలే వంటింట్లో తను ఎక్కడ నిలబడాలో తెలియక తిరిగేది. పక్కింటివాళ్ళ మిషను మీద వాళ్ళ రవికలు కుట్టిపెట్టేది. ఆ కుట్టు ఒకసారి అమ్మగారి కంటబడింది.

“బడిలో టీచరువి నువ్వే అమ్మాయ్. ఆడ వెనకాల గది ఉండాది, అది కూడా నీకే,” అన్నారు.

తనకంటూ ఒక గది. ఆ రోజు నుంచి మా చెల్లెలు మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది.

ప్రారంభానికి ముందురోజు షావుకారు నన్ను పిలిచాడు.

“ముహూర్తానికి ఆ ఆడోళ్ళు ఎదర ఉండకూడదు. వెనక గదిలో కూర్చోబెట్టు. దాటినాక రమ్మను.”

“మరి మిషన్ల దగ్గరో?”

“మనిళ్ళ ముత్తైదువులు కూర్చుంటారు. ఫోటో తీసేవాడు వస్తా ఉండాడు, లక్షణంగా ఉండొద్దా? నీ చెల్లెలికి నువ్వే చెప్పు. నువ్వైతే బాగా చెప్తావు.”

బాగానే చెప్పాను.

“బడి ఎవురికి అన్నా?” అంది చెల్లెలు.

“మీకే.”

“మేము లేకుండానే తెరుస్తారా?”

“అర్ధగంటే కదమ్మా,” అన్నాను. ఉపన్యాసంలో అబలల కన్నీరు తుడిచే హస్తం గురించి రాసి అప్పటికి గంట కూడా కాలేదు.

మర్నాడు పట్టుచీరలు మిషన్ల ముందు కూర్చున్నాయి. రిబ్బను కత్తిరించారు. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి, “ఎవరన్నా ఒకరు మిషను తొక్కండమ్మా. ఇట్లుంటే బొమ్మలకొలువు మాదిరి ఉండాది,” అన్నాడు. అందరూ నవ్వారు. తొక్కుదామంటే సూదిలో దారం లేదు.

“మా ఇంటికి దర్జీ వస్తాడు. నాకేం తెలుసు?” అంది మొదటావిడ. రెండో ఆవిడ ధైర్యం చేసి దారాన్ని చిక్కుముడి చేసింది. ముఖ్య అతిథి గడియారం చూసుకున్నాడు. షావుకారు నన్ను చూశాడు.

అప్పుడు నా బుర్రకు ఒక ఆలోచన తట్టింది. నా బుర్రకు తట్టడమే దాని అరిష్టం. ఇంతమంది ఎదుట చెల్లెలి పనితనం కనబడితే ఇక ఆ ఉద్యోగానికి తిరుగుండదనుకున్నాను. వెనక గదికి పరుగెత్తాను.

“రామ్మా, ఒక్క నిమిషం. దారం ఎక్కించాల.”

“ముహూర్తం దాటిందా?”

“దాటినట్టే.”

వచ్చింది. కన్ను మూసి తెరిచేలోగా దారం ఎక్కించి, పీలికగుడ్డ మీద జానెడు కుట్టు వేసి చూపించింది. గీత గీసినట్టుంది. అతిథి మెచ్చుకుని ఎవరీ అమ్మాయి అని అడిగితే, “మా టీచరమ్మ,” అన్నారు అమ్మగారు సంతోషంగా. షావుకారు ఆ కుట్టు చూడలేదు. గోడగడియారం చూశాడు. ముహూర్తం దాటడానికి ఇంకా ఆరు నిమిషాలున్నాయి.

ఆ వారమే ఆయన కొన్న జనపనార కంపెనీ షేరు పడిపోయింది. నన్ను పల్లెత్తు మాట అనలేదు, పెద్దమనిషి.

“ఈడ టీచరుగా ముత్తైదువే ఉండాల. కావాలంటే మీ చెల్లెల్ని నేర్చుకునేదానికి రమ్మను. మర్యాదగా ఒక ఉత్తరం కొట్టు,” అన్నాడు.

తలుపు దగ్గర నిలబడ్డ అమ్మగారు, “నేను మాట ఇచ్చినా కదండీ,” అన్నారు.

“నువ్వు ఇచ్చినావు. నేను ఇయ్యలేదే.”

ఆవిడ నావైపు చూశారు. నేనేమైనా అంటానని కాబోలు. నేను టైపుమిషనులో కాగితం ఎక్కిస్తున్నాను.

ఉత్తరం చాలా బాగా కుదిరింది. విచారిస్తున్నామని రెండుచోట్ల పెట్టాను. అది పోస్టులో మా ఇంటికే వచ్చింది. చెల్లెలికి ఇంగ్లీషు రాదు. కవరు తెచ్చి నా చేతికిచ్చి, “చదువన్నా,” అని ఎదురుగా కూర్చుంది. చదివాను. తెలుగులో ఇంకొంచెం మెత్తగా చెప్పాను.

అంతా విని, “షావుకారుకు ఇంగ్లీషు రాదు కదన్నా,” అంది. కవరు తన చేతిలోకి తీసుకుని, “అయితే నీకు ముందే తెలుసు,” అంది.

ఆ ఉద్యోగం వదిలేశానని రాస్తే చదవడానికి బాగుండేది. మర్నాడు తొమ్మిదింటికల్లా వెళ్ళాను. బడి పెట్టినందుకు షావుకారుకు అభినందనలు కట్టలుగా వచ్చి ఉన్నాయి. ఒక్కొక్కదానికీ వినయంగా జవాబు కొట్టాను.

మా చెల్లెలు ఆ బడికి వెళ్ళలేదు. ఇరవై ఏళ్ళు మా ఇంట్లోనే ఉంది. నా చొక్కా చిరిగితే అడగకుండానే కుట్టిపెట్టేది. ఆమెకు ఏ కాగితం వచ్చినా, వీధి చివరి స్కూలు పంతులు దగ్గరికి తీసుకెళ్ళి చదివించుకునేది.